గోడను ఊపిరి పీల్చనిద్దాం

మేము మూడు తరాల బడిపంతుళ్ళం. సాయంత్రపు తరగతిలో నేర్చిన తెలుగులోనే ఒక మనవి.

మిల్టన్‌లో పాత రాతి ఇండ్లు కొన్నవారు నేలమాళిగ గోడ చెమ్మగిల్లగానే సిమెంటు మెత్తించవద్దు. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది. నేలకు పైనున్న భాగంలో ఆ నీరు శీతకాలంలో గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి, రాతిని పెచ్చులూడదీస్తుంది. సున్నం మెత్తనిది, తేమను వదులుతుంది, తాను అరిగి రాతిని కాపాడుతుంది. మన పెద్దలు గానుగ సున్నంలో బెల్లపు నీళ్ళు, కరక్కాయ రసం కలిపి కట్టిన విద్య ఇదే. ఇక్కడికి ఉత్తరాన లైమ్‌హౌస్‌లో పాత సున్నపు బట్టీలు నేటికీ చూడవచ్చు.

ముందు చూరునీటిని పునాదికి దూరంగా పారించండి. మంచు రోజులు పోయాకే సున్నపు పని పెట్టించండి. కొన్నాళ్ళు తడుపుతూ ఉండండి. బిడ్డలకు అప్పగించేది గట్టి గోడ కావాలి గదా!