సేద్యగానికి ముదిమి ఆదరువు
(రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సర్కారు ఉద్యోగికి పదవీ విరమణ తేదీ కలదు. సేద్యగానికి అది లేదు. ఓపిక చాలనినాడే కాడి దించును. అప్పుడు పొలము కొడుకుల పేర వ్రాసియిచ్చి, వారు పెట్టినది తినుట మనవైపు వాడుక. వరుసగా రెండేండ్లు వాన తప్పినచో ఆ కొడుకులకే గడవదు. ఇట్టి రైతులు చేరదగిన కేంద్ర ప్రభుత్వ పథకములు రెండింటిని గూర్చి చెప్పెదను.

మొదటిది 2019 సెప్టెంబరులో ప్రారంభమైన కిసాన్ మాన్‌ధన్ యోజన. 2 హెక్టార్లకు, అనగా సుమారు 5 ఎకరాలకు మించని భూమి గలవారికే ఇది. ప్రొద్దుటూరు ప్రాంతమున కె.సి. కాలువ క్రింద మూడు, నాలుగు ఎకరాల వరి, పసుపు రైతుకు సరిపోవును. చేరునాటి వయస్సును బట్టి నెలకు 55 నుండి 200 రూపాయలు చందా; ప్రభుత్వము కూడ అంతే జమకట్టును. 60 నిండిన పిమ్మట నెలకు 3,000 వచ్చును. 30 ఏండ్లవాడు నెలకు 105 చొప్పున 30 ఏండ్లలో కట్టునది 37,800. పింఛను మొదలైన 13 నెలలలో ఆ సొమ్ము చేతికి వచ్చును. పి.ఎం. కిసాన్ సొమ్ములోనుండియే చందా మినహాయించుమని వ్రాసియియ్యవచ్చును. శనగ అమ్మినప్పుడు తప్ప చేతిలో రూపాయి ఆడని జమ్మలమడుగు రేగడి రైతుకు ఇది మేలు.

రెండవది 2015 నాటి అటల్ పెన్షన్ యోజన. దీనికి భూపరిమితి లేదు గనుక, పులివెందుల చీనీ తోటల రైతులలో 5 ఎకరాలు దాటినవారికి ఇదియే దారి. పింఛను 1,000 నుండి 5,000 వరకు. చందా నెలకో, మూడు నెలలకో, ఆరు నెలలకో కట్టవచ్చును. కాపు అమ్మిన డబ్బు చేతనుండగా కట్టుట సులువు. 5,000 పింఛనుకు 18వ ఏట చేరిన నెలకు 210, 30వ ఏట 577, 40వ ఏట 1,454. విత్తు అదను దప్పిన ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ 40 దాటినచో రెండు పథకములలోను చేర్చుకొనరు. ఆదాయపు పన్ను కట్టువారికిని వీలులేదు.

భేదమొకటి గమనించవలెను. పింఛను పొందుచు రైతు గతించినచో మాన్‌ధన్‌లో భార్యకు సగమే, 1,500. అటల్‌లో ఆమెకు పూర్తి పింఛను వచ్చును. ఆమె తరువాత నామినీకి మూలధనము చేరును. 5,000 పింఛనుకు అది 8 లక్షల 50 వేలు. అందుకే అటల్ చందా ఎక్కువ.

ఇంకొక మాట దాచరాదు. ధరలు ఏటా నూటికి 6 చొప్పున పెరిగినచో, 30 ఏండ్లకు వచ్చు 3,000 నేటి 520 రూపాయలపాటి చేయును. కావున పింఛను ఉన్నదిగదా యని ఉన్న పొలమంతయు బ్రతికియుండగనే పంచియిచ్చుట తగదని నా అభిప్రాయము.

మాన్‌ధన్‌కు కామన్ సర్వీస్ సెంటరులోను, అటల్‌కు పొదుపు ఖాతాయున్న బ్యాంకు లేక పోస్టాఫీసులోను చేరవలెను. పోవుటకు ముందు ఆధార్‌లోని పుట్టిన తేదీ చూచుకొనుడు. బడికి పోనివారికి పలువురికి అది ఉజ్జాయింపుగా వ్రాయించినదే. 38 ఏండ్లవానికి 41 అని పడియున్నచో ముందు దానిని దిద్దించవలెను. ఇంటి ఇల్లాలికి 40 దాటకున్నచో ఆమె పేర వేరుగా అటల్ ఖాతా తెరువవచ్చును.