ఉంగరపు రోజు: ఇటలీ పెళ్లి ఆచారాల చరిత్ర

ఈ ఉపన్యాసం మా గురువుగారి పేరిట జరుగుతోంది. ఏ తంతు గురించి చెప్పినా, "దీని అర్థం తర్వాత, ముందు దీన్ని ఎవరు చూస్తున్నారో చెప్పు" అనేవారాయన. ఇటలీ పెళ్లిళ్ల విషయంలో నాకు దారి చూపింది ఆ మాటే.

రోమన్ల పెళ్లి, చర్చి తొలి శతాబ్దాలు మీకు తెలిసినవే. నేరుగా 15వ శతాబ్దపు ఫ్లోరెన్స్‌కు వస్తాను.

అక్కడ పెళ్లి ఒక్క రోజులో అయ్యేది కాదు. మధ్యవర్తి సంబంధం కుదిర్చాక ముందు రెండు వైపుల మగవాళ్లు కలిసి చేతులు కలిపేవారు. పెళ్లికూతురు అక్కడ ఉండేది కాదు. తర్వాత ఉంగరపు రోజు. పిల్ల పుట్టింట్లో, బంధువుల ముందు, నోటరీ ఇద్దరినీ ఇష్టమేనా అని అడిగి, ఆమె కుడిచేతిని పట్టుకుని వరుడి వైపు చాపేవాడు. అతను ఉంగరం తొడిగేవాడు. చర్చి ఫాదర్ ఉండి తీరాలన్న నియమం లేదు. ఆ తర్వాత ఎప్పుడో అత్తవారింటికి ఊరేగింపు. నోటరీ రాసిన పత్రం పదిమందికే తెలుస్తుంది. వీధి వీధంతా చూసేది ఊరేగింపునే. అందుకే రంగుల బొమ్మలు వేయించిన పెళ్లి పెట్టెలను అందరికీ కనబడేలా మోయించుకుని వెళ్లేవారు.

ఉంగరానికీ ఊరేగింపుకీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచేవి. కారణం కట్నం. 1425లో, యుద్ధపు అప్పుల్లో ఉన్న ఫ్లోరెన్స్ ప్రభుత్వం "మోంతే దెల్లె దోతి" అనే కట్నాల నిధి పెట్టింది. ఆడపిల్ల పేర 100 ఫ్లోరిన్లు వేస్తే పదిహేనేళ్లకు 500 ఇస్తామంది. మొదట్లో ఎవరూ పెద్దగా ముందుకు రాలేదు, ఎందుకంటే పిల్ల చనిపోతే అసలు కూడా పోయేది. 1433లో అసలు తిరిగిస్తామని మార్చాకే జనం కదిలారు. ఆ డబ్బు కూడా దాంపత్యం మొదలైందని తేలితేనే చేతికొచ్చేది. అందుకని కొందరు అల్లుళ్లు ఊరేగింపు కాకముందే అత్తగారింట్లో కాపురం మొదలుపెట్టేవారు.

1447 ఆగస్టులో అలెస్సాంద్రా స్ట్రోజ్జి అనే వితంతువు, నగరానికి దూరంగా ఉన్న కొడుకుకు ఉత్తరం రాసింది. అతని చెల్లెలు కతెరీనాకు పట్టు వ్యాపారి మార్కో పరెంతితో పెళ్లి కుదిరిందనీ, కట్నం 1000 ఫ్లోరిన్లనీ, అందులో సగం నిధి నుంచి రావాలనీ లెక్క చెప్పింది. వరుడు కుట్టించిన ఎర్ర మఖ్మల్ గౌనూ, ఈకలూ ముత్యాలూ పొదిగిన తలపాగా వర్ణించి, పిల్ల బయటికి నడిస్తే ఒంటి మీద 400 ఫ్లోరిన్లకు పైనే ఉంటాయని మురిసిపోయింది.

ఆ బట్టలు ఎవరివి? మా రంగంలో తగువంతా ఇక్కడే. చరిత్రకారిణి క్రిస్తియాన్ క్లాపిష్-జుబేర్ అవి వరుడి సొత్తేనని నిరూపించారు. అతను వాటిని వెనక్కి తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. వరుడి బంధువులిచ్చే ఉంగరాలు కూడా తర్వాత వచ్చే కోడళ్లకు చేతులు మారేవి. భర్త పోతే భార్య కట్నం తీసుకుని పుట్టింటికి పోతుంది, పిల్లలు తండ్రి వంశానికే ఉండిపోతారు. దీనికి జవాబుగా స్టాన్లీ చోయ్‌నాట్స్కీ వెనిస్ వీలునామాలు చూపించారు. అక్కడ తల్లులు కూతుళ్లకూ మేనకోడళ్లకూ కట్నాలు రాసిచ్చారు, కట్నం ఆడవాళ్ల మాటకు బలమిచ్చిందన్నారు. జూలియా కాల్వి తర్వాతి శతాబ్దాల టస్కనీలో అనాథల కోర్టు పిల్లలను తల్లులకే అప్పగించడం చూపించారు. రెండూ గొప్ప పనులే. కానీ వాటిని పట్టుకుని 1400ల ఫ్లోరెన్స్ ఆడపిల్లకు హక్కులున్నాయనడం నేనెంతమాత్రం ఒప్పుకోను. వెనిస్ వేరు, ఫ్లోరెన్స్ వేరు. ఏ ఊరి పెళ్లికి ఆ ఊరి దస్తావేజే సాక్ష్యం. కతెరీనా ఒంటి మీది ఎరుపు చూసి ఆమె ఐశ్వర్యవంతురాలని రాసే పుస్తకాలు ఇప్పటికీ వస్తున్నాయి. అది ఆమెకు జరుగుతున్న అన్యాయం.

సమయం మించిపోతోంది, మిగిలింది త్వరగా చెబుతాను. 1563లో కాథలిక్ చర్చి ట్రెంట్ సభ, తమ ఊరి ఫాదర్, ఇద్దరు సాక్షులు లేనిదే పెళ్లి చెల్లదంది. సాక్ష్యం చర్చి రిజిస్టరులోకి చేరాక ఉంగరం, ఊరేగింపు చేయాల్సిన పని తగ్గింది. ఖాళీ అయిన ఆచారాలకు అర్థాలు అంటుకున్నది అప్పటినుంచేనని నా అభిప్రాయం. అతిథులకు పంచే చక్కెర పూత బాదంపప్పులు అయిదు ఉండాలనీ, అవి ఆరోగ్యం, సంపద, సుఖం, సంతానం, దీర్ఘాయువు అనీ చెప్పడం అలాంటిదే. సార్డీనియాలో దంపతుల మీద గోధుమలూ నాణేలూ చల్లి పళ్లెం పగలగొట్టడం, మంగళ శుక్రవారాల్లో పెళ్లి వద్దనడం, వీటికి మరో ఉపన్యాసం కావాలి.

ఇటలీ 1865 సివిల్ కోడ్ ప్రభుత్వ వివాహాన్నే గుర్తించింది, వాటికన్‌తో 1929లో కుదిరిన ఒప్పందం చర్చి పెళ్లికి చట్టబలం తిరిగిచ్చింది. సిసిలీలో ఎత్తుకుపోయినవాణ్ణే పెళ్లాడాలన్న ఆనవాయితీని ఫ్రాంకా వియోలా అనే యువతి 1966లో ధిక్కరించింది. ఆ ఆనవాయితీకి వీలిచ్చిన చట్టం రద్దవడానికి 1981 దాకా పట్టింది. కట్నం 1975లో చట్టం నుంచి తొలగిపోయింది. మన దగ్గర నిషేధం 1961లోనే వచ్చింది.

ఈ సభలోని విద్యార్థులకు ఒక విన్నపం. ఫ్లోరెన్స్ 1427 ఆస్తిపన్ను లెక్కలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. లాటిన్, ఇటాలియన్ నేర్చుకోండి. కట్నం అంటే ఏమిటో ఇంట్లో చూసి పెరిగినవాళ్లు ఆ కాగితాలు చదవాలి.