మూడు రీళ్ళు, ఒక తెర

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీకు తెలిసిన విషయం మీద ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. నాకు బాగా తెలిసినవి ఫండమెంటల్ రూల్సు, స్టోర్సు రిజిస్టరు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పు గురించి, డి.ఏ. బకాయిల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పవలసిందంతా చెప్పారు. అందుచేత నేను సినిమాల గురించి చెబుతాను. హీరో, హీరోయిన్ ఉన్న సినిమాలు కావు. ఊళ్ళు, కొండలు, రైళ్ళు చూపించే యాత్రా చిత్రాలు.

2016లో నేనూ మా ఆవిడా అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. అక్కడ మనకు పనేముంటుంది? పొద్దున్నే ఇద్దరూ ఆఫీసులకు, పిల్లలు బడికి. మనం కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద మనిషి కనపడడు. ఒక శనివారం మా అల్లుడు "మామయ్యగారూ, మీరు ఆ రోజుల్లో ఫిల్ములున్న ఆఫీసులో పనిచేశానన్నారుగా, ఇది చూడండి" అని ఒక బ్లూరే డిస్కు పెట్టాడు. తెర మధ్యలో చిన్న నలుపు తెలుపు బొమ్మ. ఒక పెద్దమనిషి కూర్చుని గుహల్లో గీసిన బొమ్మల దగ్గర్నుంచి సినిమా దాకా చరిత్ర చెబుతున్నాడు. పది నిమిషాలు దాటింది. నాకు కునుకు పట్టింది. అంతలో ఆయన ఏదో అన్నాడు, బొమ్మ ఒక్కసారి రంగుల్లోకి మారి ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరుచుకుంది. పిల్లలెక్కే కొండ రైలు, అదే రోలర్ కోస్టర్, ముందు బెంచీలో మనల్ని కూర్చోబెట్టి పైకి తీసుకెళ్ళి కిందకు వదిలేసింది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కుదుటపడ్డాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "టీవీ వంగిపోయిందేమిటండీ?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

ఆ చిత్రం పేరు 'దిస్ ఈజ్ సినెరమా'. 1952 సెప్టెంబరు 30న న్యూయార్కులో మొదటిసారి ప్రదర్శించారు. ఆ పెద్దమనిషి లొవెల్ థామస్, రేడియోలో వార్తలు చెప్పి పేరు తెచ్చుకున్నవాడు. ఈ పద్ధతిని కనిపెట్టినవాడు ఫ్రెడ్ వాలర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగులు పేల్చే సైనికులకు శిక్షణ ఇవ్వటానికి అయిదు ప్రొజెక్టర్లతో ఒక యంత్రం తయారుచేశాడు. మనిషి ఎదురుగా ఉన్నదాన్నే కాదు, కంటి కొసల్లో కదిలేదాన్ని కూడా చూస్తాడు, అందువల్లనే తాను ఆ చోట ఉన్నట్టు నమ్ముతాడు అన్నది ఆయన పట్టుకున్న సూత్రం. యుద్ధం అయిపోయాక అయిదును మూడు చేసి సినిమాకు తెచ్చాడు.

ఒకే కెమెరాలో మూడు కటకాలు, మూడు ఫిల్ములు. ఎడమ కటకం కుడివైపు దృశ్యాన్ని, కుడి కటకం ఎడమవైపు దృశ్యాన్ని, నడిమిది నడిమిని పడతాయి. మూడూ కలిస్తే 146 డిగ్రీల వెడల్పు. మామూలు సినిమా సెకనుకు 24 బొమ్మలైతే దీనికి 26. మామూలు బొమ్మ ఫిల్ము అంచున నాలుగు రంధ్రాల ఎత్తు ఉంటే ఇది ఆరు రంధ్రాల ఎత్తు. హాల్లో మూడు ప్రొజెక్టర్లు మూడు గదుల్లో ఉండి, లోతుగా వంగిన తెరమీద ఒకదాని పక్కన ఒకటి వేస్తాయి. ఆ తెర ఒకే గుడ్డ కాదు, మన కిటికీ పట్టీల తెరల్లాగా నిలువుగా కట్టిన దాదాపు 1,100 పట్టీలు. వంపు తెరలో ఈ పక్క వెలుగు ఎగిరి ఆ పక్క పడి బొమ్మను చెడగొట్టకుండా ఆ ఏర్పాటు. శబ్దానికి వేరే నాలుగో ఫిల్ము, దానిమీద ఏడు వరుసలు.

ఇన్ని ఇబ్బందులున్నది ఎక్కువ కాలం నిలవదని మనలాంటి స్టోర్సు గుమాస్తా ఎవరైనా అప్పుడే చెప్పేవాడు. 1952 నుంచి 1958 దాకా ఇలాంటి సినెరమా యాత్రా చిత్రాలు అయిదు వచ్చాయి. దాదాపు ఇదే పద్ధతిలో ఓడ ప్రయాణం మీద 'విండ్‌జామర్' అని ఇంకొకటి వచ్చింది. 1962లో రెండు కథా చిత్రాలు తీశారు. ఆ తర్వాత మూడు ఫిల్ములు మానేసి ఒకే వెడల్పు ఫిల్ముకు మారారు. కాని దీని దెబ్బకు తట్టుకోవటానికే 1953లో సినిమాస్కోపు వచ్చింది. ఆ సినిమాస్కోపే 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగు తెరకు వచ్చింది. ఆ రోజు టిక్కెట్ల కోసం చొక్కాలు చింపుకున్నవాళ్ళు ఈ హాల్లో కనీసం పదిమంది ఉంటారు. చేతులెత్తనక్కర్లేదు, భార్యలు పక్కనే ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మూడు ఫిల్ములు అరవై ఏళ్ళు డబ్బాల్లో ఉన్నాక ఏమవుతాయి? రంగులు వెలుస్తాయి. మూడూ ఒకేలా వెలవవు, అదీ చిక్కు. ఎడమ ఫిల్ములో ఆకాశం ఒక రంగు, నడిమిలో ఒకటి, కుడిలో మరొకటి. ఒక ఫిల్ము కొంచెం కుదించుకుపోతుంది. ఒకదాంట్లో నాలుగు బొమ్మలు చిరిగితే మిగతా రెండింటితో అడుగు తప్పుతుంది. ఈ పనికి పూనుకున్న డేవిడ్ స్ట్రోమేయర్ అనే ఆయన వృత్తిరీత్యా ఫిల్ము ఎడిటరు. 2002లో సినెరమా చరిత్ర మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. తర్వాత టామ్ మార్చ్ అనే సాంకేతిక నిపుణుడితో కలిసి పాత చిత్రాలను ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించి బాగుచేశాడు. 2012 నుంచి 2014 దాకా ఫ్లికర్ ఆలీ అనే సంస్థ వాటిని డిస్కులుగా వేసింది. మొదటి చిత్రాన్ని ముందు 70 ఎం.ఎం. కాపీ నుంచి వేసి, అది చాలదని కొన్నేళ్ళ తర్వాత అసలు మూడు నెగటివుల నుంచి మళ్ళీ చేశారు. అయిపోయిన ఫైలును మళ్ళీ తెరవటం ఎంత కష్టమో మనకు తెలుసు.

నేను కాగితం మీద లెక్క వేశాను. సెకనుకు 26 చొప్పున రెండు గంటలకు 1,87,200 బొమ్మలు. మూడు ఫిల్ములకు 5,61,600. ప్రతి బొమ్మలోనూ దుమ్ము తుడవాలి, గీతలు మాపాలి, వణుకు ఆపాలి, పక్క బొమ్మతో రంగు కలపాలి. యంత్రం చాలా పని చేస్తుంది నిజమే. ఎక్కడ ఆగాలో మాత్రం యంత్రానికి తెలియదు.

అతుకుల సంగతి చూడండి. హాల్లో రెండు చోట్ల నిలువుగా అతుకు కనపడేది. అది తెలియకుండా చెయ్యటానికి ప్రొజెక్టరు అంచున దువ్వెనలాంటి చిన్న పళ్ళ ముక్కలు గబగబా ఆడుతూ అంచును చెరిపేవి. అయినా కనపడేది. ఇప్పుడు కంప్యూటరులో ఆ అతుకును చాలావరకు కలిపేశారు. ఇది న్యాయమేనా అని నాకు మొదట అనుమానం వచ్చింది. సర్వీసు రిజిస్టరులో తప్పు పడితే గీత కొట్టి, పైన రాసి, పొడి సంతకం పెట్టించాలి గాని, తెల్ల రంగు పూసి దిద్దటం నేరం కదా! ఆలోచిస్తే, అతుకు చిత్రం తీసినవాళ్ళు కోరుకున్నది కాదు, తప్పించుకోలేక భరించినది. దాన్ని దిద్దటం తప్పు కాదు. కాని ఆ నాటి మనుషుల ముఖాలు మైనం బొమ్మల్లా నునుపు చేస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఈ డిస్కుల్లో ఆ పని చెయ్యలేదు.

టీవీ వంగటం కూడా అలాంటిదే. అంత వెడల్పు బొమ్మను సాపు తెరమీద వేస్తే సన్నని పట్టీలా ఉంటుంది, తిన్నని రోడ్డు కూడా వంకరగా కనిపిస్తుంది. అందుకని రెండు చివరలూ ఎత్తుగా, నడుమ సన్నగా ఉండేలా బొమ్మను మలిచారు. నవ్వే నోరులా ఉంటుంది గనక దానికి స్మైల్‌బాక్స్ అని పేరు పెట్టారు. దగ్గరగా కూర్చుని చూస్తే కాసేపటికి వంపు తెర ముందున్నట్టే ఉంటుంది. ఇంట్లో చూసేవాడికి కూడా ఆ నాటి హాలు ఎలా ఉండేదో తెలియాలని పడ్డ తాపత్రయం అది.

మరుసటి వారం 1956 నాటి 'సెవెన్ వండర్స్ ఆఫ్ ది వరల్డ్' చూశాం. పిరమిడ్లు వచ్చాయి, తాజమహలు వచ్చింది, తర్వాత మన డార్జిలింగ్ రైలు వచ్చింది. రెండడుగుల పట్టాల మీద, లూపులు తిరుగుతూ, రైలు అదుపు తప్పి కొండ దిగుతున్నట్టు తీశారు. నేను రిటైరైన ఏడాది డార్జిలింగ్ వెళదామని ఇద్దరం అనుకున్నాం. ఆమె మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆ పది నిమిషాలు ఆమె సోఫాలో ముందుకు జరిగి కూర్చుంది. అయిపోయాక "మళ్ళీ వెయ్యమనండి" అంది. మా అల్లుడు మూడుసార్లు వేశాడు.

నేను మాత్రం రెండోసారికి లేచి వరండాలోకి వెళ్ళాను. ఎందుకో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను ఒక జిల్లా ఆఫీసులో స్టోర్సు సీటు చూసేవాణ్ణి. జిల్లా పేరు, ఆఫీసు పేరు వద్దు. మాకో ప్రచార వాహనం, ఒక 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, ఒక ఆపరేటరు ఉండేవారు. సాయంత్రాలు పల్లెల్లో గోడకు దుప్పటి కట్టి, ప్రాజెక్టుల మీద, పంటల మీద చిన్న చిత్రాలు వేసేవారు. రీళ్ళన్నీ మెట్ల కింద గదిలో. వానాకాలం తలుపు తీస్తే ఊరగాయ చెడినట్టు పుల్లటి వాసన. ఫిల్ము కుళ్ళితే వెనిగర్ వాసన వస్తుందని, ఒక రీలు పాడైతే పక్క రీళ్ళకూ అంటుకుంటుందని, చల్లగా పొడిగా గాలి ఆడేలా పెట్టాలని మాకెవ్వరూ చెప్పలేదు. ఎలుక చచ్చిందేమోనని వెతికించాను.

1988లో ఆడిట్‌వారు 'నిరుపయోగమైన సామాను పేరుకుపోయింది' అని అబ్జెక్షన్ రాశారు. పనికిరాని వాటి జాబితా వేసి వేలానికి పెట్టమన్నారు. నలభై మూడు రీళ్ళు రాశాను. ఆపరేటరు నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, పదిహేడో నంబరు రాయకండి. అందులో మా ఊరుంది" అన్నాడు. అతనిది శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన పల్లె. 1981లో ఖాళీ చేయించారు. పని మొదలైన రోజుల్లో తీసిన ఏదో చిత్రంలో వాళ్ళ వీధి, రచ్చబండ, అరుగు మీద కూర్చున్న అతని పెద్దమ్మ ఒక అర నిమిషం కనపడతారట. "చుట్టుకుపోయి ఆడటంలేదుగా, ఏం చేసుకుంటావయ్యా?" అన్నాను. "ఆడకపోయినా ఉంటుంది కదండీ" అన్నాడు. రూలు ప్రకారం మినహాయించే అధికారం నాకు లేదన్నాను. నిజానికి ఒక నోటు పెట్టి ఉంటే ఆఫీసరుగారు సంతకం చేసేవారే. ఆయన అలాంటివాటికి అడ్డం చెప్పే మనిషి కాదు. నేనే పెట్టలేదు. నలభై మూడూ తూకానికి వెళ్ళాయి. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుందని కొన్నవాడు వాటిని మోయించుకుంటూ చెప్పాడు.

మన మొదటి పూర్తి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' కూడా ఈ రోజు ఎక్కడా లేదు. దాన్నీ ఏదో ఒక చోట ఏదో ఒక గుమాస్తా తూకానికి వేసి ఉంటాడని నాకనిపిస్తుంది. చుట్టుకుపోయిన రీలును కూడా ఈ రోజుల్లో నెమ్మదిగా సాగదీసి స్కాన్ చేస్తున్నారని ఆ డిస్కుల పుణ్యమా అని తెలుసుకున్నాను. పూర్తిగా కుళ్ళకపోతే అర నిమిషమైనా దక్కేది.

తిరిగి వచ్చాక ఆపరేటరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. అతను పోయి నాలుగేళ్ళయిందన్నారు. కొడుకుతో ఈ సంగతంతా చెప్పాను. అతను కోప్పడలేదు. "నాన్న ఆ రీలు గురించి మాకూ చెప్పేవాడండీ, ఆ నంబరు కూడా చెప్పేవాడు" అన్నాడు. ఆ చిత్రం పేరు తెలిస్తే మరో కాపీ ఎక్కడైనా దొరుకుతుందేమోనని పాత ఆఫీసుకు వెళ్ళి స్టాకు రిజిస్టరు అడిగాను. సీటులో ఉన్న కుర్రవాడు మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, వెతికించాడు. నిలవ ఉంచాల్సిన కాలం దాటిందని దాన్ని కూడా పాత కాగితాల్లో తీసేశారు.

డిస్కులు రెండూ మా దగ్గరే ఉన్నాయి, అల్లుడు తన పాత ప్లేయరు కూడా ఇచ్చాడు. చూడాలనుకున్నవారు ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రండి. మా హాల్లో పన్నెండు మంది పడతారు. బి.పి. ఉన్నవారు మాత్ర వేసుకుని రావాలి, రోలర్ కోస్టరు దగ్గర కళ్ళు మూసుకున్నా తప్పులేదు. ఇంట్లో పెట్టెల అడుగున పాత ఫిల్ము ముక్కలు, పెళ్ళి వీడియో క్యాసెట్లు ఉన్నవారు అవి కూడా తీసుకురండి. ముందు వాసన చూసి తెండి.