పిండములోని సూత్రధారి

ఒకే కణమునుండి కన్ను, వెన్ను, గుండె, చర్మము వేరువేరుగ నేర్పడుచున్నవి. ఏ కణము ఏమి కావలెనో దానికి ముందే తెలిసియుండునా? లేక ఇరుగుపొరుగు చెప్పగా తెలిసికొనునా?

ఈ ప్రశ్నకు గొప్ప సమాధాన మొకటి జర్మనీలోని ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమున లభించెను. అచట హాన్స్ స్పేమన్ అను ఆచార్యుని శిష్యురాలు హిల్డే మాంగోల్డ్ 1921, 1922 సంవత్సరములలో న్యూట్ పిండములపై శస్త్రము సాగించెను. న్యూట్ అనగా కప్పలకు బంధువై, తోక కలిగిన ఉభయచరము. దాని పిండము ఆవగింజంత యుండును. అట్టిదానిపై కత్తి యేమి పనిచేయును? సన్నగా సాగదీసిన గాజుసూదియు, పసిబిడ్డ వెండ్రుకతో చేసిన మెలికయు ఆ ప్రయోగశాలలోని పనిముట్లు.

పిండపు పైపొర లోనికి ముడుచుకొనుట కారంభించు చోట పెదవివంటి చిన్న భాగ మొకటి యుండును. లేతరంగు జాతి పిండమునుండి ఆ తునకను తీసి, ముదురురంగు జాతి పిండమునకు కడుపువైపున నాటిరి. కడుపుచర్మము కావలసిన చోట రెండవ వెన్ను లేచెను! అతుక్కొని పుట్టిన కవలలవలె మరియొక పిండ మచట రూపొందెను.

ఇందు సాక్ష్యము చెప్పినది రంగుల భేదమే. నాటిన తునక ముఖ్యముగా పృష్ఠవంశమయ్యెను. క్రొత్త వెన్నులోని నాడీనాళము మాత్రము చాలవరకు ఆశ్రయమిచ్చిన పిండముయొక్క ముదురు కణములతోనే ఏర్పడెను. అనగా ఆ తునక పొరుగు కణములను పిలిచి, వానికి క్రొత్త పని నొప్పగించెనన్నమాట. స్పేమన్ దానికి 'ఆర్గనైజర్' అని పేరిడెను. మన నాటకములలోని సూత్రధారివంటిదని మనము చెప్పుకొనవచ్చును.

ఆ సూత్రధారి పలుకు ఏమియో తెలియుటకు డెబ్బది యేండ్లు పట్టెను. 1990 తరువాత నాగిన్, కార్డిన్ అను మాంసకృత్తులు బయల్పడెను. కణములను చర్మముగా మారుమను సంకేతమును అవి అడ్డగించును. అంతట ఆ కణములు నాడీమార్గము పట్టును. ఆజ్ఞకంటె అడ్డగింపే అచట పని చేసినది.

సూక్ష్మజీవులనుండి కాపాడు నేటి ఔషధము లానాడు లేవు. శస్త్రము చేసిన పిండములలో పెక్కు నశింపగా, మిగిలిన కొద్దింటితో 1924లో ఆ వ్యాసము వెలువడెను. ఆ సంవత్సరముననే, ఇంట జరిగిన అగ్నిప్రమాదమున హిల్డే మరణించెను. ఆమెకు నిరువదియైదేండ్లు. 1935లో నోబెల్ బహుమానము స్పేమన్‌కు వచ్చెను. నేటి శాస్త్రజ్ఞులు ఆ చిన్న తునకను స్పేమన్–మాంగోల్డ్ ఆర్గనైజర్ అని ఇరువురి పేరునను పిలుచుచున్నారు. మనమును అట్లే పిలుతము.