నాయన ఫోటో – నుమాయిష్ ద్వారం
(హాలహర్విలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మిత్రులు మాట్లాడినారు. నేను ఒక పాత ఫోటో గురించి నాలుగు మాటలు చెబుతాను.

1956 నవంబరు 1న రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. 1958 జనవరిలో మా నాయన పొలం కాగితాల పనిమీద ఆదోనిలో రైలెక్కి హైదరాబాదు పోయినాడు. నాంపల్లి స్టేషనుకు దగ్గరలోనే నుమాయిష్. నుమాయిష్ అంటే ఉర్దూలో ప్రదర్శన. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించినారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మన ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించింది కూడా ఆ 1938లోనే.

నాయన ఎమ్మిగనూరు దుప్పటి భుజాన వేసుకొని, అక్కడ ఒక పెద్ద దుకాణం ముంగిట ఫోటో తీయించుకున్నాడు. వెనక కమానులు, గుమ్మటాలు, లతలు, పువ్వులు. నాకప్పుడు ఎనిమిదేండ్లు. నోరు తెరుచుకొని చూస్తుంటే, “ఏమిరా, రాజభవనమనుకుంటివా? అంతా కట్టెలు, గోనెగుడ్డ, రంగు. నెల దాటితే ఉండదు” అని నవ్వినాడు.

ప్రదర్శన కట్టడాలు ఎక్కడైనా అంతే. 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనకు పాలరాతి నగరంలాంటి భవనాలు కట్టినారు. చాలావరకు అవి పైన నార కలిపిన ప్లాస్టరు పూతే. 1894లో మంటల్లో అనేకం కాలిపోయినాయి. నేడు వాటిని ఫోటోల్లోనే చూడాలి.

మా ఇంట్లో జరిగింది వేరు. 2008లో నేను రిటైరైనప్పుడు సన్మానం ఫోటోకు మంచి ఫ్రేము కావాల్సి వచ్చింది. నాయన ఫోటో ఉన్న ఫ్రేము విప్పినాను. ఎన్నో వానాకాలాల తేమకు ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. తొందరపడి లాగినాను. ముఖం అద్దానికే ఉండిపోయింది. ద్వారం మిగిలింది, దుప్పటి మిగిలింది. నాయనకు ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. నెల ఉండదన్న గుమ్మటాలు చెక్కుచెదరలేదు.

మొన్న మనవరాలు ఆ ముక్క చూసి, “తాతా, ఈయన ఎవరు?” అని అడిగింది. ఆఫీసులో ముప్పైఅయిదేండ్లు వచ్చిన ప్రతి కాగితానికి నంబరు వేసి, తేదీ వేసి, రిజిస్టరులో ఎక్కించినవాణ్ణి. ఆ ఫోటో వెనక మాత్రం పేరు రాయలేదు, ఊరు రాయలేదు. ఆ రోజే పెన్సిలుతో రాసినాను.

మిత్రులారా, అద్దానికి అతుక్కున్న ఫోటోను లాగవద్దు, తడపవద్దు. అద్దంతోనే ఉంచి దానికి ఇంకొక ఫోటో తీయించండి. కొత్తగా ఫ్రేము కట్టించేటప్పుడు ఫోటోకు, అద్దానికి మధ్య అట్ట అంచు పెట్టించి సందు ఉండేలా చూడండి. తేమ గోడకు తగిలించవద్దు. వెనక పేర్లు, ఊరు, సంవత్సరం మెత్తటి పెన్సిలుతో అదమకుండా రాయండి. ఆ ముఖాలను గుర్తుపట్టేవాళ్లం మనమే మిగిలినాము. మన తర్వాత చెప్పేవారుండరు.

వచ్చే సమావేశానికి తలా ఒక పాత ఫోటో తెమ్మని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.