సర్కారు చేసిన నష్టము: ప్రజల హక్కు
(ఏటికొప్పాకలో చేసిన ప్రసంగపాఠము)



వరాహనదీ తీరమందలి యీ గ్రామము అంకుడుకఱ్ఱకు లక్కరంగులు పట్టించి దేశదేశములకు బొమ్మలను పంపుచున్నది. చేతిపనివాని సొత్తేమి? నాలుగు పనిముట్లు, ఆరబెట్టుకొన్న కొంత కఱ్ఱ, కొంత లక్క. ఆ కఱ్ఱను ఉద్యోగులు అనుమానముచే పట్టుకొని కచేరీ యావరణములో పడవేసిరనుకొందము. దోషము లేదని తేలునప్పటికి వానకాలము గడచినది, కఱ్ఱ పుచ్చినది. అప్పుడు అధికారి 'నీ సొత్తు నీవు తీసికొనిపొమ్ము' అన్నచో న్యాయము జరిగినట్లేనా? చెడిన సొత్తునకు వెల యెవరియ్యవలెను?

మేము చెప్పినది ఊహయే గాని, ఇట్టిది మన యాంధ్రదేశమున జరిగియే యున్నది. 1975 ఆగస్టులో ఎరువులు, ధాన్యములు అమ్ము నాగేంద్రరావు కంపెనీవారి సరుకును నిత్యావసర వస్తువుల చట్టము క్రింద పట్టుకొనిరి. ఎరువులను కొవ్వూరు వ్యవసాయోద్యోగి వశముచేసి, రైతులకు అమ్మించి, సొమ్ము ఖజానాలో జమకట్టవలసినదని ఉత్తరువైనది. అమ్మకము జరుగలేదు. సరుకు చెడిపోవుచున్నదని వర్తకులు అర్జీలు పెట్టుకొనిరి, వినినవారు లేరు. 1976 జూనులో కొంతభాగము తప్ప తక్కినది విడుదల చేయవలసినదని ఉత్తరువు వచ్చునప్పటికి, సరుకు గుణమునందును రాశియందును చెడియుండెను. వర్తకులు దానిని పుచ్చుకొనక వెల నడిగిరి. క్రిందికోర్టు డిక్రీ ఇచ్చెను, హైకోర్టు కొట్టివేసెను, 1994 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మరల నిలబెట్టెను. పందొమ్మిదేండ్ల పోరాటము!

హైకోర్టు ఏల కొట్టివేసెను? దాని మూలము ఆంగ్ల దొరల కాలమున నున్నది. 1861లో కలకత్తాయందు సర్కారు ఓడలరేవు కూలీల అజాగ్రత్తచే ఒక స్టీమరు కంపెనీవారి బండిగుఱ్ఱము గాయపడెను. 350 రూపాయల వ్యాజ్యము. సర్కారు చెల్లింపవలసినదేయని కోర్టువారనిరి. కాని అది వర్తకుని వంటి పని గనుకననియు, రాజ్యాధికారపు పనియైనచో బాధ్యత లేదనియు ఒక గీత గీసిరి. ఆ గీతయే స్వతంత్ర భారతమునకు వారసత్వమయ్యెను. మన రాజ్యాంగము 300వ అధికరణము, చట్టసభలు వేఱు శాసనము చేయనంతవరకు, ప్రభుత్వముపై వ్యాజ్యమునకు పూర్వపు పద్ధతినే నిలిపినది.

ఫలితమేమి? 1947లో మీరటు పోలీసులు ఒక వర్తకుని బంగారమును పట్టుకొనిరి. మాలుఖానాలోనుండి దానిని హెడ్ కానిస్టేబు లపహరించి పాకిస్థానమునకు పారిపోయెను. పోలీసుల యజాగ్రత్త నంగీకరించియు, పట్టుకొనుట రాజ్యాధికారపు పని గనుక పరిహారము లేదని 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. శాసనసభలు దీనిని చక్కదిద్దవలెనని హితవును పలికెను. మన యాంధ్ర వర్తకులకు హైకోర్టులో అడ్డుపడినది ఈ తీర్పే. 1994 తీర్పు దానిని రద్దుచేయలేదు గాని, చట్టము క్రింద పట్టుకొన్న సొత్తును భద్రపఱచుట ఉద్యోగుల ధర్మమనియు, వారి యుపేక్షచే అది చెడినచో రాజ్యాధికారపు డాలు చాటున ప్రభుత్వము దాగరాదనియు స్థిరపఱచినది.

ఇందొక వింత గలదు. 'రాజు తప్పు చేయడు' అను సూత్రమును కన్న ఇంగ్లండే 1947లో శాసనము చేసి, తన ప్రభుత్వమును సామాన్యునివలె కోర్టుకు జవాబుదారిని చేసికొన్నది. మనము స్వాతంత్ర్యము పొందిన యేడే వారు విడిచిన ముసుగును మనము పదిలపఱచుకొంటిమి! 1956లో లా కమిషన్ తన మొదటి నివేదికలోనే చట్టము కావలెనని సిఫారసు చేసెను. 1965లో, 1967లో బిల్లులు వచ్చినవి. చట్టములు కాకయే పోయినవి. ప్రజలే ప్రభువులైన దేశమున ప్రభువునకు నష్టము చేసి సేవకుడు జవాబు చెప్పననుట తగునా?

ఆ చట్టము వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. సొత్తు పట్టుబడిన నాడే, లేదా నష్టము జరిగిన నాడే లెక్క వ్రాయింపుడు: ఎంత, ఏ స్థితిలో నున్నది, వెల యెంత. ఫోటోలు తీయింపుడు, సాక్షుల సంతకములు, కొనుగోలు రసీదులు భద్రపఱుపుడు. చెడిపోవు సరుకైనచో వెంటనే అర్జీ వ్రాసి, అందినట్లు ముద్ర వేయించుకొనుడు. కొవ్వూరు సరుకు విషయమున ఉద్యోగులకు సంగతి తెలియదనుటకు వీలులేకుండ చేసినవి అట్టి యర్జీలే.

పిమ్మట సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను. రాష్ట్రప్రభుత్వముపై దావాకు ముందు కార్యదర్శికి గాని జిల్లా కలెక్టరునకు గాని వ్రాతమూలకమగు నోటీసు ఇచ్చి రెండు నెలలు వేచియుండవలెను. పేరు, నివాసము, దావా కారణము, కోరు పరిహారము అందుండవలెను. అత్యవసరమైనచో కోర్టు అనుమతితో ముందే దావా వేయవచ్చును. గడువు దాటిన హక్కు చేజారును గనుక జాగు చేయరాదు. విద్యుత్ లైసెన్సుదారుల పనులవలన నష్టమైనచో, పూర్తి పరిహారమియ్యవలెనని 2003 విద్యుత్ చట్టము 67వ సెక్షనే చెప్పుచున్నది. వకీలు ఫీజునకు శక్తిలేనివారును, స్త్రీలును, షెడ్యూల్డు కులముల, తెగలవారును జిల్లా న్యాయసేవాధికార సంస్థ నాశ్రయింపవచ్చును.

సహకార పద్ధతిని చక్కెర మిల్లు నెలకొల్పుకొన్న గ్రామమిది. ఒంటరివాని యర్జీ బల్లక్రింద నణగిపోవచ్చును. పదిమంది చేతివ్రాలుతో నిలిచిన యర్జీని అణచుట కష్టము. పరిహారము భిక్ష కాదు. అది మన సొత్తునకు మనకు రావలసిన బాకీ. బాకీ నడుగుటకు సిగ్గేల?