డిశ్చార్జి కాగితం చదివేది మీరే



2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు తొలి విడతకు ఎంచుకున్న మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే పేదింట్లో చెలక అమ్ముకోవడమే. ఇప్పుడు మన కొల్లాపూర్ ఊళ్లలో స్టెంటు పడ్డ మనిషి వింత కాదు. ఆపరేషన్ ఖర్చును సర్కారు భరిస్తుంది. ఇంటికొచ్చాక ఎలా బతకాలన్నది మాత్రం ఇంటివాళ్ల మీదే పడుతుంది. అక్కడే ఆడవాళ్ల దారి, మగవాళ్ల దారి వేరవుతాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మంది మద్యం, 22 శాతం మంది పొగాకు వాడేవారు. ఆడవాళ్లలో ఆ రెండూ ఏడు శాతంలోపే. కాబట్టి జబ్బు చేశాక మగవాడు మానాల్సినవి ఎక్కువ. భయంతో నాలుగు నెలలు మానేస్తాడు. ఒళ్లు తేలికపడగానే కల్లు కాంపౌండు దగ్గర దోస్తులు పిలుస్తారు. 17 దేశాల్లో చేసిన ప్యూర్ అధ్యయనంలోనూ, గుండెపోటో పక్షవాతమో వచ్చాక పొగ మానినవాళ్లు, అలవాటున్నవాళ్లలో సుమారు సగమే. అయినా మగవాడికి ఒక అండ ఉంది. ఉప్పు తగ్గించి వండడానికి, వేళకు గోలీ అందించడానికి, బీడీ కట్ట దాచిపెట్టడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటుంది.

ఆ మనిషికే జబ్బు చేస్తే? ఆమె మానాల్సిన అలవాట్లు తక్కువ, కానీ తన కోసం చేసుకోవాల్సినవేవీ చేసుకోదు. కుట్లు ఎండకముందే పొయ్యి దగ్గర కూర్చుంటుంది. అందరికీ వండిన కూరే, అందరి తర్వాత తింటుంది. మామిడికాయలు తెంపే రోజుల్లో కూలి పోతుందని చెకప్ వాయిదా వేస్తుంది. "నాకేమైతది బిడ్డా" అంటుంది. గుండెజబ్బు తర్వాత కోలుకునే శిక్షణకు వచ్చే ఆడవాళ్లు ప్రపంచమంతటా మగవాళ్లకంటే తక్కువే. "నాకేమైతది" అన్న మాటను ధైర్యమని మెచ్చుకోవడం మనం మానాలి.

పట్టభద్రులారా, మీలో చాలామంది ఇళ్లలో డిశ్చార్జి కాగితం చదవగలిగింది మీరే. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. రక్తం పలచబడే గోలీల పేర్లు, ఎన్నాళ్లు వేసుకోవాలో, మళ్లీ ఎప్పుడు రావాలో అందులోనే రాస్తారు. స్టెంటు వేశాక ఆ గోలీలు మధ్యలో ఆపితే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుగులో చెప్పండి. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు మందులు, పరీక్షలు ఆరోగ్యశ్రీ కిందే ఇస్తారు. మీ ఇంటి పేషెంటుకు అవి వర్తిస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

నాన్న బీడీ మానలేకపోతుంటే కోప్పడకండి. పొగాకు మానడానికి సాయపడే 1800-11-2356 నంబరుకు పక్కన కూర్చుని ఫోన్ కలిపివ్వండి, డబ్బులు పడవు. అమ్మ చెకప్ తేదీని మీ ఫోన్లో పెట్టుకోండి. ఆ పూట వంట మీరు చేసి, ఆమెను బస్సెక్కించి, వెంట వెళ్లండి.